పాత జువాలజీ ప్రాక్టికల్స్ హాలును సెల్ కల్చర్ ల్యాబుగా మార్చాలి: ఎస్టిమేటు చూసి తప్పులు చెప్పండి

కొత్త_ల్యాబ్
అందరికీ నమస్కారం. రాష్ట్ర విశ్వవిద్యాలయం, 1970ల నాటి భవనం, మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. హాలు 60 × 30 అడుగులు, శ్లాబు కింది దాకా ఎత్తు 12 అడుగులు. మధ్యలో కడప బండ పరిచిన నాలుగు పొడవాటి దిమ్మెలు, గోడ వెంబడి సింకులు, గ్యాస్ కుళాయిలు, పనిచెయ్యని ఫ్యూమ్ హుడ్ ఒకటి, వెనక స్టోరు గది నిండా సీసాలు.

కావలసినవి: రెండు బయోసేఫ్టీ క్యాబినెట్లు (వడగట్టిన గాలిలో కణాలతో పని చేసే పెట్టెలు), రెండు సీఓ2 ఇంక్యుబేటర్లు (కణాలను వెచ్చగా పెంచే పెట్టెలు) పట్టే కల్చర్ గది (16 × 14 అనుకున్నాం), పీసీఆర్‌కి (డీఎన్ఏ ప్రతులు పెంచే పని) చోటు, పదిమందికి మామూలు బెంచీలు, ఐదు మైనస్ 80 ఫ్రీజర్లకు గది. మనుషుల రక్త నమూనాలు, క్యాన్సర్ కణాలు వాడతాం కాబట్టి బీఎస్ఎల్-2 (జీవభద్రతలో రెండో స్థాయి).

ఇంజనీరింగ్ విభాగం ఇచ్చిన ఎస్టిమేటు: టైల్స్, ఫాల్స్ సీలింగు, పెయింటు, గ్రానైట్ దిమ్మెలు, నాలుగు 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీలు, కరెంటు పాయింట్లు. ఏం తప్పిందో, ఏం తక్కువైందో చెప్పండి.

గాలిమర
ఎస్టిమేటులో అన్నీ ఉన్నాయి, గాలి ఒక్కటి లేదండి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి నుంచి కొత్త గాలి తేదు. వడపోత అంటే దాని ముందున్న ప్లాస్టిక్ జాలీయే.

కల్చర్ గది లెక్క వేద్దాం. 16 × 14, సీలింగు 9 అడుగుల దగ్గర వేస్తే 2,016 ఘనపుటడుగులు. గంటకు 10 సార్లు గాలి మారాలంటే 20,160. దాన్ని 60తో భాగిస్తే 336 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు). ఇదంతా బయటి గాలే అనుకోండి. మే నెల 42 డిగ్రీల పొడి ఎండలో దాన్ని 23కు దించడానికి దాదాపు ఒక టన్ను ఏసీ చాలు. జులై ముసురులో, 30 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న రోజున అదే గాలికి 2.3 టన్నులు కావాలి. చల్లబరచడం తేలిక, గాలిలోంచి నీళ్లు పిండడమే బరువు. ఎండాకాలాన్ని చూసుకుని ఏసీ కొన్న ల్యాబుల్లో వానాకాలం రాగానే ఇంక్యుబేటర్ల వెనక గోడకు బూజు పట్టేది అందుకే.

అయితే బీఎస్ఎల్-2కి పూర్తిగా బయటి గాలే ఉండాలన్న నియమం లేదు. ఏ గది గాలిని ఆ గదికే వడగట్టి తిప్పుకోవచ్చు. నాలుగో వంతు, అంటే 85 సీఎఫ్ఎమ్ కొత్త గాలి పెట్టుకుంటే ముసురు రోజున దాని భారం 0.6 టన్నులకు దిగుతుంది. క్యాబినెట్లు, ఇంక్యుబేటర్లు, సెంట్రిఫ్యూజి, ముగ్గురు మనుషులు, లైట్లు కలిసి ఇంకో 2 కిలోవాట్లు, అంటే మరో 0.6 టన్ను. గోడల వేడి కలుపుకుని 2 టన్నుల యూనిట్ సరిపోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మార్కెట్లో దొరికే మామూలు డక్టబుల్ యూనిట్ ఫ్యాను 50–100 పాస్కళ్లకు మించి తొయ్యలేదు. హెపా ఫిల్టరు (అతి సన్నని కణాలనూ ఆపే వడపోత) కొత్తగా ఉన్నప్పుడే ఒక్కటీ 250 పాస్కళ్లు మింగుతుంది. తెచ్చి బిగిస్తే గ్రిల్లు దగ్గర కాగితం కూడా కదలదు. నా మాట వింటే సీలింగులో హెపాయే వద్దు. కణాలకు కావలసిన శుభ్రమైన గాలిని క్యాబినెట్టే ఇస్తుంది. గదికి జీ4 (ముతక రకం), దాని వెనక ఎఫ్9 (సన్న రకం) వడపోత చాలు. వాటికి తగ్గ ప్రెషరు ఇచ్చే ఫ్యానున్న చిన్న ఏహెచ్‌యూ (గాలిని వడగట్టి, చల్లబరిచి పంపే యూనిట్) అడగండి. హెపాకి పెట్టే డబ్బు ఎగ్జాస్ట్ ఫ్యానుకీ డ్యాంపర్లకీ (డక్టులో గాలిని తగ్గించే, పెంచే రెక్కలు) పెట్టండి.

పాత_సీసా
గాలి సంగతి తర్వాత. ముందు ఆ స్టోరు గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. కాంట్రాక్టరు కూలీలు లోపలికి వెళ్లి సీసాలు గోనెసంచిలో వెయ్యకముందే మీరు వెళ్లాలి.

జువాలజీ వాళ్ల స్టోరులో ముందుగా వెతకవలసింది పిక్రిక్ ఆమ్లం. కణజాలం చెడకుండా నిలిపే బోయిన్స్ ఫ్లూయిడ్ చేసుకోవడానికి కొని పెట్టుకుంటారు. తడిగా ఉన్నంత కాలం పసుపు పచ్చటి ముద్ద, ఎండిపోతే పేలుడు పదార్థం. మూత చుట్టూ పసుపు పొడి కట్టి ఉంటే ఆ మూత తిప్పకూడదు, సీసా కదపకూడదు. మర దగ్గరి రాపిడి చాలు. గది మూసి, రిజిస్ట్రారు ద్వారా పోలీసుల బాంబ్ డిస్పోజల్ దళానికి రాయించండి. అతి జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ కాదు. అలాగే పాత ఈథర్ సీసాలు: అడుగున గానీ మూత దగ్గర గానీ స్ఫటికాలు కనిపిస్తే పెరాక్సైడ్లే, వాటి జోలికీ వెళ్లొద్దు.

తర్వాత పాదరసం. అలాంటిదే అయిన జెంకర్స్ ఫ్లూయిడ్ కోసం మెర్క్యురిక్ క్లోరైడ్ ఉంటుంది. ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో మానోమీటర్లు, థర్మామీటర్లు పగిలిన పాదరసం సింకు కింద యూ ఆకారపు వంపులో కూర్చుని ఉంటుంది. ప్లంబరు ఆ వంపు విప్పి నేల మీద బోర్లించాడంటే హాలంతా చెడుతుంది. ప్రతి సింకు కిందా ప్లాస్టిక్ ట్రే పెట్టి, చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని విప్పించండి. వంపులోది మొత్తం మూత ఉన్న డబ్బాలోకి. పాదరసం పడ్డ చోట వాక్యూమ్ క్లీనరు పెడితే ఆవిరి గది నిండా కొడుతుంది.

ఫ్యూమ్ హుడ్ లోపలి పలకలు ఆస్బెస్టాస్ షీటు కావచ్చు. పగలగొట్టించకండి, తడిపి, స్క్రూలు విప్పి ముక్క కాకుండా దించాలి.

ఇవన్నీ హజార్డస్ వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. తెలంగాణ అయితే దుండిగల్, ఆంధ్ర అయితే పరవాడ కేంద్రాల దాకా పోవాలి. బయోమెడికల్ వ్యర్థాల బండి వాడు వీటిని తీసుకోడు.

బయోసేఫ్టీ_బామ్మ
పాత_సీసా గారు మరిచిపోయింది ఒకటి. ఆ హాల్లో ఎప్పుడైనా రేడియో ఐసోటోపులు వాడారేమో పాత స్టాక్ రిజిస్టర్లలో చూడండి. ఎండోక్రైనాలజీ వాళ్లు ఆర్ఐఏ (రేడియో ఐసోటోపుతో హార్మోన్లు కొలిచే పరీక్ష) చేసి ఉంటే అయోడిన్-125, దాని అర్ధాయువు రెండు నెలలు, ఈపాటికి ఏమీ మిగలదు. ట్రైటియం అయితే 12 ఏళ్ల పైచిలుకు, కార్బన్-14 అయితే 5,730 ఏళ్లు. సీసపు డబ్బా గానీ మూడు రెక్కల గుర్తు గానీ కనిపిస్తే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకు చెప్పి, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పద్ధతి ప్రకారం సర్వే అయ్యాకే మేస్త్రీని రానివ్వాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో తెలుసు కదా. విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం పాత గామా యంత్రాన్ని తుక్కు కింద వేలం వేసింది. అందులోని కోబాల్ట్-60 తుక్కు దుకాణానికి చేరింది. ఒక మనిషి ప్రాణం పోయింది. అక్కడా మొదలైంది పాత సామాను ఖాళీ చెయ్యడంతోనే.

సైట్_ఇంజనీర్
రెండు విషయాలు.

దిమ్మెలు. కడప బండ సున్నపురాయి అండి, నల్లగా ఉంది కదా అని గ్రానైట్ అనుకోకండి. ఆమ్లం పడ్డచోటల్లా తెల్లగా తినేసి ఉంటుంది చూడండి. కింద ఇటుక గోడల దిమ్మె కాబట్టి రేపు బెంచి జరపాలంటే కుదరదు. గ్రానైట్ వేస్తే అతుకులే సమస్య, ఆ సందుల్లో మురికి చేరి ఎంత తుడిచినా పోదు. బెంచి పైభాగానికి ఫెనాలిక్ పలక, కింద పౌడర్ కోటింగు ఉన్న స్టీలు ఫ్రేము, కింద చక్రాల అరలు పెట్టుకోండి. నిలబడి పని చేసే బెంచి ఎత్తు 900 మిల్లీమీటర్లు, కూర్చునేది 750. లోతు 750. రెండు బెంచీల మధ్య దారి 1,500 ఉండాలి, ఇద్దరు వీపూ వీపూ తగలకుండా పని చెయ్యాలి కదా.

బరువు. ఇలాంటి అంతస్తులు సాధారణంగా చదరపు మీటరుకు 300 కిలోల లెక్కన కట్టినవి. 700 లీటర్ల మైనస్ 80 ఫ్రీజరు ఖాళీగానే 300 కిలోలకు అటూ ఇటూ. ర్యాకులు, డబ్బాలు నిండితే 450. అది నిలబడే చోటు ఒక చదరపు మీటరు. చుట్టూ నడిచే జాగా కలిపితే సగటు తగ్గుతుంది నిజమే. కానీ ఐదూ ఒకే వరుసలో శ్లాబు నడుమ పెడితే ఆ లెక్క చెల్లదు. 50 ఏళ్ల శ్లాబు, కింద పెచ్చులూడి కంబి కనిపిస్తుంటే అసలే వద్దు. ఫ్రీజర్లను గ్రౌండ్ ఫ్లోరుకు దించండి. హాల్లో కూల్చే పని మొదలుపెట్టే ముందు దిమ్మెలు తీసేసిన బరువెంతో, పెట్టబోయే బరువెంతో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించండి. పాత ఇటుక దిమ్మెలు పోతే చాలా బరువు దిగుతుంది, అది మీకు కలిసొచ్చేదే.

కొత్త_ల్యాబ్
ధన్యవాదాలండి. గ్రౌండ్ ఫ్లోరులో మెట్ల పక్కన 20 × 12 స్టోరు ఒకటుంది, అడిగి చూస్తాం. కానీ వానాకాలంలో గోడ అడుగున చెమ్మ వస్తుంది. అక్కడ ఎపాక్సీ గచ్చు వెయ్యొచ్చా?

సైట్_ఇంజనీర్
చెమ్మ ఆపకుండా ఎపాక్సీ వేస్తే బొబ్బలు లేస్తాయి. కింది నుంచి వచ్చే ఆవిరికి దారి లేక పొరనే ఎత్తేస్తుంది. ఫ్రీజరు చక్రం బొబ్బ మీద పడితే పెంకులా ఊడి వస్తుంది. ముందు పరీక్ష చేసుకోండి, పైసా ఖర్చు లేదు: 18 అంగుళాల చదరపు పాలిథీన్ షీటు నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి, ఒక పగలూ రాత్రీ వదిలెయ్యండి. తీసేసరికి అడుగున నీటి బిందువులున్నా, నేల రంగు ముదిరినా ఎపాక్సీ ఆలోచన మానుకోండి. గోడ వారగా ఒకటి, గది నడుమ ఒకటి, వానాకాలంలోనే చెయ్యండి. మే నెలలో చేస్తే అన్ని గదులూ పాసే!

ఫ్రీజరు గదికి ఎపాక్సీ అవసరమే లేదు. ఉన్న షాబాద్ బండలైనా సరే, సందులు నింపి, ఫ్రీజర్లను 100 మిల్లీమీటర్ల కాంక్రీటు పీఠం మీద పెట్టండి. వాన నీళ్లు లోపలికొచ్చినా కంప్రెసరు మునగదు.

పైన కల్చర్ గదికి మాత్రం 2 మిల్లీమీటర్ల వినైల్ వెయ్యండి. అతుకులు వేడి వెల్డింగుతో మూసి, గోడ మీదికి 100 మిల్లీమీటర్లు వంపుగా ఎక్కించాలి. ఎస్టిమేటులో టైల్స్ అన్నారు. టైల్స్ సందుల్లో మీడియా ఒలికిందంటే ఆ సందు ఇక మీది కాదు, ఫంగస్‌ది.

మూడు_ఫేజులు
ఫ్రీజరు గది గురించి. ఒక్కో ఫ్రీజరు రోజుకు 16 యూనిట్లు తాగుతుందనుకుందాం. ఐదుకు 80. మొత్తం వేడిగా గదిలోకే వస్తుంది, అంటే నిరంతరం 3.3 కిలోవాట్ల హీటరు వెలుగుతున్నట్టే. ఒక టన్ను ఏసీ కేవలం దానికే. 1.5 టన్నులవి రెండు పెట్టి, ఆరేసి గంటల చొప్పున వంతులేసే టైమరు బిగించండి. ఒకటి చెడితే రెండోది మొయ్యాలి.

ఎక్కువ చోట్ల జరిగే తప్పు: ఫ్రీజర్లను జనరేటరు లైను మీద పెడతారు, ఆ గది ఏసీని పెట్టరు. కరెంటు పోతే ఫ్రీజర్లు హాయిగా తిరుగుతుంటాయి, గది ఉడుకుతుంది. చాలా మోడళ్లకు చుట్టుపక్కల 32 డిగ్రీల దాకే హామీ. అది దాటాక ఒక్కో కంప్రెసరూ వేడెక్కి ఆగిపోతుంది. అంటే జనరేటరు ఆగలేదు, ఫ్రీజర్లకు కరెంటు ఆగలేదు, నమూనాలు మాత్రం పోతాయి. ఫ్రీజరు ఏ లైనో ఆ గది ఏసీ అదే లైను.

రెండోది: కరెంటు వచ్చిన క్షణాన ఐదు కంప్రెసర్లూ ఒకేసారి లేస్తే లేచే కరెంటు మామూలుకి ఐదారు రెట్లు. జనరేటరు కూర్చుంటుంది. ఒక్కోదానికీ టైమ్ డిలే రిలే పెట్టి, కరెంటు వచ్చాక 1, 3, 5, 7, 9 నిమిషాలకు ఒక్కొక్కటిగా లేపండి.

మూడోది, ల్యాబు అంతటికీ కలిపి ఒకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకయితే లైను ఆపే స్విచ్చి) పెట్టడం. మంచి పరికరం కూడా ఎర్తుకు ఒకటి నుంచి మూడున్నర మిల్లీ ఆంపియర్లు వదులుతుంది. పది పరికరాలు కలిస్తే అది 20కి చేరుతుంది. ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చి లోపమేమీ లేదంటాడు, నిజమే, ఏ ఒక్కదాంట్లోనూ లోపం లేదు. శనివారం రాత్రి పడితే సోమవారం దాకా ఇంక్యుబేటరు చల్లగా ఉంటుంది. ఫ్రీజరుకూ ఇంక్యుబేటరుకూ దేనికదే ఆర్‌సీబీఓ (లీకుకూ, ఎక్కువ కరెంటుకూ ఆపే స్విచ్చి), బెంచి సాకెట్లకు నాలుగేసి కలిపి ఒకటి. ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపెయ్యడం మాత్రం పరిష్కారం కాదు.

ఎర్తింగ్: న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2 వోల్టుల లోపు ఉండాలని చాలా కంపెనీల ఇన్‌స్టలేషన్ షీటులో అడుగుతారు. పాత భవనం ఎర్త్ పిట్ ఎండి ఉంటుంది. కొత్తగా రెండు పిట్లు ఎస్టిమేటులో రాయించండి.

పిపెట్_పంతులు
కల్చర్ గది ప్రెషరు పాజిటివ్‌గా, అంటే కారిడారు కంటే ఎక్కువగా పెట్టించండి. కారిడారు దుమ్ము లోపలికి రాకూడదు. కంటామినేషన్‌కి అసలు కారణం అదే.

బయోసేఫ్టీ_బామ్మ
పంతులు గారూ, కణాలు మీవే, రక్తం మాత్రం రోగులది. బీఎస్ఎల్-2లో గాలి కారిడారు నుంచి గదిలోకి రావాలి గానీ గదిలోంచి కారిడారులోకి పోకూడదు. పాజిటివ్ కుదరదు.

పిపెట్_పంతులు
నెగెటివ్ పెడితే తలుపు తీసిన ప్రతిసారీ కారిడారు గాలి లోపలికి ఈడ్చుకుంటుంది. వరండాలో పావురాలున్న భవనం అది. ఆస్పర్జిల్లస్ బూజు స్పోరుల లెక్కలు మీకు నేను చెప్పాలా?

గాలిమర
ఇద్దరి మాటా నిలబడే మార్గం ఉంది. కల్చర్ గది ముందు 5 × 6 అడుగుల చిన్న ముంగిలి గది కట్టండి, బట్టలు, చెప్పులు మార్చుకునేది. దానికి వడగట్టిన గాలిని విడిగా ఇచ్చి దాన్ని మాత్రమే పాజిటివ్ చెయ్యండి. కారిడారు సున్నా అనుకుంటే ముంగిలి +10 పాస్కళ్లు, కల్చర్ గది −5. అప్పుడు ముంగిలి గాలి రెండు వైపులా బయటికి పోతుంది. కారిడారు దుమ్ము ముంగిలి దాటదు, కల్చర్ గది గాలీ ముంగిలి దాటదు. కల్చర్ గది లాక్కునేది వడగట్టిన గాలినే.

రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే ఇదంతా నీళ్లపాలు, కాబట్టి ఇంటర్‌లాక్ పెట్టించండి. దానికి బయటపడే మీట ఉండాలి, కరెంటు పోతే తలుపులు వాటంతటవే వదిలెయ్యాలి. రెండు గదుల గోడ మీదా సూది ఉన్న ప్రెషరు గేజు పెట్టండి. డిజిటల్ కంటే అదే మేలు, బ్యాటరీ అక్కర్లేదు, తలుపు తీసినప్పుడల్లా సూది కదలడం కళ్లకు కనిపిస్తుంది.

−5 రావాలంటే సప్లయి కంటే ఎగ్జాస్టు 10–15 శాతం ఎక్కువ ఉంటే చాలు. కానీ గది చిల్లులు లేకుండా ఉండాలి. ఏసీ పైపు వచ్చే రంధ్రం, స్విచ్ బోర్డు వెనక గొట్టాలు, ఫాల్స్ సీలింగు పలకల సందులు, ఇవన్నీ ఫాల్స్ సీలింగు మీదున్న దుమ్మును గదిలోకి పీలుస్తాయి. అందుకే ఊడదీసే చదరపు పలకల సీలింగు కల్చర్ గదికి పనికిరాదు. అతుకులు మూసిన జిప్సమ్ గానీ కాల్షియం సిలికేట్ గానీ వేసి, పైకెక్కడానికి ద్వారం కారిడారు వైపు పెట్టించండి. ఆ రంధ్రాల్లోంచే బల్లులూ వస్తాయి. ఇంక్యుబేటరు వెచ్చదనం వాటికి చాలా ఇష్టం.

పిపెట్_పంతులు
సరే, ముంగిలి ఉంటే ఒప్పుకుంటాను.

క్యాబినెట్లు ఎక్కడ పెట్టాలో చెప్తాను. క్లాస్ 2 ఏ2 రకం క్యాబినెట్టు ముందు నోటి దగ్గర గాలి లోపలికి వెళ్లే వేగం సెకనుకు అర మీటరు మాత్రమే. మనిషి వెనకనుంచి గబగబా నడిచినా ఆ తెర చిరుగుతుంది, ఏసీ గాలి నేరుగా తగిలితే చెప్పనక్కర్లేదు. తలుపుకు ఎదురుగా వద్దు, నడిచే దారిలో వద్దు, గాలి గ్రిల్లు కింద అసలే వద్దు. రెండూ ఎదురెదురుగా పెట్టాలంటే మధ్యలో కనీసం 2 మీటర్లు. పైన ఎగ్జాస్ట్ ఫిల్టరుకూ సీలింగుకూ మధ్య 300 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. సీలింగు 8 అడుగులకు దించితే స్టాండు మీద పెట్టిన క్యాబినెట్టుకు ఈ జాగా ఉండదు. 9 అడుగులు తగ్గించకండి.

గ్యాస్ కుళాయిలు పూర్తిగా తీసేసి లైను మూలం దగ్గర బిగించెయ్యండి. క్యాబినెట్టులో బర్నరు వెలిగిస్తే గాలి తెర చెదురుతుంది, హెపా జిగురు కరుగుతుంది, పక్కనే 70 శాతం ఆల్కహాలు ఉంటుంది.

సీఓ2 సిలిండర్లు గది బయట. 30 కిలోల సిలిండరు పూర్తిగా లీకయితే 16 ఘనపు మీటర్లకు పైగా వాయువు. మీ గది 57. మూసి ఉన్న గదిలో గాలిలో దాదాపు నాలుగో వంతు సీఓ2 అవుతుంది, అందులోకి అడుగుపెట్టిన మనిషి కూలిపోతాడు. బయట వరండాలో రెండు సిలిండర్లు, ఒకటి అయిపోతే రెండోదానికి తనంతట తానే మారే మానిఫోల్డు, లోపలికి రాగి గొట్టం, ఇంక్యుబేటరు దగ్గర 1 బార్. గదిలో సీఓ2 సెన్సరు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో పెట్టాలి, అది గాలికంటే బరువు. 5,000 పీపీఎమ్‌కి మొదటి హెచ్చరిక.

సిలిండరు గేజు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు కదలదు, ద్రవం అయిపోగానే ఒక్కసారిగా పడుతుంది. పైగా 31 డిగ్రీలు దాటితే సీఓ2 ద్రవంగా ఉండనే ఉండదు, ఏప్రిల్లో గేజు ఎక్కువ చూపిస్తే నిండా ఉందనుకోకండి. తూకం మీద పెట్టడమే సరైన పద్ధతి. ఉత్తరపు గోడ నీడలో, గొలుసు కట్టి ఉంచండి.

కొత్త_ల్యాబ్
ఫ్యూమ్ హుడ్ కొత్తది 4 అడుగులది పెట్టాలా? ఫార్మలిన్ వాడకం కొంచెం ఉంది. ఇంకా ఆటోక్లేవు (ఆవిరి ఒత్తిడితో స్టెరిలైజ్ చేసేది) గురించి ఎవరూ చెప్పలేదు.

గాలిమర
పెట్టొచ్చు. తలుపు 45 సెంటీమీటర్లు ఎత్తితే నోరు దాదాపు 0.47 చదరపు మీటర్లు. సెకనుకు 0.5 మీటర్ల చొప్పున 500 సీఎఫ్ఎమ్ బయటికి పోతుంది. ఆ 500 ఎక్కడి నుంచి వస్తుందో డిజైన్‌లో లేకపోతే, బాత్రూమ్ నుంచీ కల్చర్ గదిలోంచీ లాక్కుంటుంది. మీ −5 పాస్కళ్లు ఆ రోజుతో సరి. పెద్ద హాల్లో హుడ్‌తో పాటే మొదలయ్యే మేకప్ గాలి ఫ్యాను (బయటికి పోయినంత గాలిని లోపలికి తెచ్చేది) ఒకటి పెట్టండి. డక్టు చివర టెర్రేసు మీద కనీసం మూడు మీటర్లు పైకి, మీ ఏహెచ్‌యూ గాలి పీల్చే చోటికి దూరంగా.

ఆటోక్లేవ్_అన్న
రెండు కావాలి. మీడియా, నీళ్లు స్టెరిలైజ్ చేసేది ఒకటి, వ్యర్థాలకు ఒకటి. వ్యర్థాలది కల్చర్ గదికి దగ్గరగా, కానీ లోపల కాదు. ఆవిరి, వాసన, వేడి. పైన ఎగ్జాస్టు ఉండాలి.

ప్లంబర్లు చేసే తప్పు: ఆటోక్లేవు వదిలే నీళ్లను మామూలు యూపీవీసీ గొట్టానికి కలిపేస్తారు. యూపీవీసీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, వచ్చేది సలసల కాగే నీళ్లు. రెండు నెలల్లో గొట్టం వేలాడిపోయి, వాలు పోయి, అతుకు ఊడి కింది క్లాసురూము సీలింగులోంచి కారుతుంది. సీపీవీసీ 90 దాకా తట్టుకుంటుంది, దానికీ ఆవిరి పనికిరాదు. ముందు ఒక స్టీలు తొట్టిలోకి వదిలి, చల్లారాక డ్రెయిన్‌కి పంపండి.

నీళ్లు: బోరు నీళ్లు నేరుగా పోస్తే హీటరు మీద సున్నం కడుతుంది. ఆర్ఓ నీళ్లు పోయండి. ఇంక్యుబేటరు ట్రేలో మాత్రం 18.2 మెగోమ్ (లవణాలు దాదాపు లేని అతి శుద్ధమైన) నీళ్లు వద్దు, అవి స్టీలుని తింటాయి. మామూలు డిస్టిల్డ్ వాటర్ స్టెరిలైజ్ చేసి పోయండి.

బయోసేఫ్టీ_బామ్మ
వ్యర్థాల సైకిలు గురించి: 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గ్రావిటీ ఆటోక్లేవులో 121 డిగ్రీలు, 15 పీఎస్ఐ, 60 నిమిషాలకు తగ్గకూడదు. మీడియాకు పెట్టే 20 నిమిషాలు వ్యర్థాలకు చాలవు. సంచి మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి దూరదు, వదులుగా కట్టాలి.

కళ్లు కడుక్కునే ఐవాష్ ఎస్టిమేటులో లేదు. 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు రావాలి, అవి 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం టెర్రేసు మీద నల్ల ట్యాంకు నీళ్లు ముఖం కడుక్కోవడానికే కాలుతాయి. ఐవాష్ లైను నీడలో ఉన్న ట్యాంకుకు కలపండి, పైపుకి ఇన్సులేషన్ చుట్టండి. వారానికోసారి తిప్పి చూడకపోతే మొదట తుప్పు నీళ్లే వస్తాయి.

ఇంకోటి, జన్యు మార్పిడి పని ఉంటే సంస్థ ఐబీఎస్‌సీ (జీవభద్రత కమిటీ) ముందు లేఅవుట్ పెట్టండి, గోడలు కట్టకముందే. కట్టాక చూపిస్తే వాళ్లూ ఏమీ చెయ్యలేరు.

పిపెట్_పంతులు
పీసీఆర్‌కి “చోటు” అన్నారు. ఒక చోటు చాలదు, కనీసం రెండు గదులు. మాస్టర్ మిక్స్ (పీసీఆర్‌కి కావలసిన రసాయనాల మిశ్రమం) కలిపేది ఒకటి, ఆంప్లిఫికేషన్ (డీఎన్ఏ పెంచడం) అయ్యాక ట్యూబు తెరిచేది ఒకటి. తెరిచే గది ఏసీ గాలి మరో గదికి పోకూడదు. ఒకే డక్టు మీద రెండూ పెడితే ప్రాడక్టు చుట్టూ తిరిగి మాస్టర్ మిక్స్‌లోకే వస్తుంది, నెగెటివ్ కంట్రోలులో బ్యాండు వస్తుంది, ప్రైమర్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

సైట్_ఇంజనీర్
లిఫ్టు లేదన్నారు. 4 అడుగుల క్యాబినెట్టు బయటి కొలత వెడల్పు 1.3 మీటర్లకు పైన, లోతు 0.8, బరువు 200 కిలోలు దాటుతుంది. మెట్ల మలుపు దగ్గర తిరుగుతుందో లేదో అట్టపెట్టెతో అదే కొలతకు నమూనా చేసి ఎక్కించి చూడండి. తలుపులు 900 + 300 రెండు రెక్కలవి పెట్టించండి, ముంగిలి గదివి కూడా. 5 × 6 ముంగిలిలో క్యాబినెట్టు మలుపు తిరగదు, కాబట్టి రెండు తలుపులూ ఒకే వరుసలో ఉండాలి. అలా కుదరకపోతే కల్చర్ గది కిటికీ ఒకటి పరికరాలు ఎక్కే దాకా మూయించకండి.

బిల్లు సంగతి: ఏసీ పనిలో “టెస్టింగ్, బ్యాలెన్సింగ్” విడి ఐటమ్‌గా రాయించి, ఆ రిపోర్టు వచ్చాకే చివరి వాయిదా ఇవ్వాలని టెండరులో పెట్టండి. ఎల్1 వచ్చినవాడు, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాడు, ముందు వదిలేసేది అదే. పరికరాలకు మంజూరైన గ్రాంటును సివిల్ పనికి వాడొచ్చా లేదా మంజూరు పత్రంలో చూసుకోండి.

కొత్త_ల్యాబ్
చాలా పనికొచ్చింది. ఎస్టిమేటు వెనక్కి పంపిస్తున్నాం. ఒక్కటే ప్రశ్న: పని అయ్యాక అంతా సరిగ్గా ఉందో లేదో మేం మా అంతట ఎలా చూసుకోవాలి?

గాలిమర
దుమ్ము పనులన్నీ అయ్యేదాకా క్యాబినెట్ల అట్టపెట్టెలు విప్పకండి. సీలింగు లోపలితో సహా తుడిపించి, ఏహెచ్‌యూని మూడు రోజులు ఆపకుండా నడిపి, జీ4 ఫిల్టర్లు పారేసి కొత్తవి వెయ్యండి. ఆ తర్వాతే క్యాబినెట్లు లోపలికి. నిలబెట్టాక అక్కడికక్కడే సర్టిఫికేషన్ చేయించండి. ఫ్యాక్టరీ సర్టిఫికెట్టు మెట్లెక్కిన క్యాబినెట్టుకు చెల్లదు, కుదుపుకు ఫిల్టరు గాస్కెట్టు జరిగి ఉండొచ్చు. ఇక ముందు గది మార్చినా, ఏడాది తిరిగినా మళ్లీ చేయించాలి.

మీ చేతిలో పని: అగరుబత్తి. అన్ని ఫ్యాన్లూ నడుస్తుండగా ఒక్కో తలుపునూ అంగుళం తెరిచి, సందు దగ్గర కింద, నడుమ, పైన మూడుచోట్లా పట్టుకోండి. కారిడారు తలుపు దగ్గర పొగ కారిడారు వైపు వంగాలి. కల్చర్ గది తలుపు దగ్గర లోపలికి వంగాలి. కింద ఒకలా, పైన ఒకలా వంగితే రెండు గదుల ఉష్ణోగ్రతల తేడా ప్రెషరుని మింగేస్తోందన్నమాట, ఎగ్జాస్టు డ్యాంపరు ఇంకొంచెం తెరవాలి. ఇదే పరీక్ష ఫ్యూమ్ హుడ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చెయ్యండి. పొగ దిశ మారిందా, మేకప్ ఫ్యాను చాలట్లేదు.

మూడు_ఫేజులు
అగరుబత్తి వెలిగించే ముందు స్మోక్ డిటెక్టర్లు ఆపించండి.